నీళ్ళకు చెప్పిన కల

గ్రేమ్ పోయారన్న కబురు నాకు వంకాయలు తరుగుతుండగా తెలిసింది. ఆయన దగ్గర నాతో కలిసి చదువుకున్న మెరె మెసేజ్ పెట్టింది. నిద్రలోనే వెళ్ళిపోయారట, ఏమీ బాధపడలేదట. కత్తిపీట పక్కన పెట్టి నేను ముందుగా ఫోన్ చేసింది మా ఆయనకు కాదు, యూనివర్సిటీ స్నేహితులకూ కాదు, హెండర్సన్‌లో ఉన్న సత్యవతి ఆంటీకి. ఆంటీ గ్రేమ్‌ను జన్మలో ఒక్కసారి కూడా చూడలేదు. విషయం మొత్తం వింది. తర్వాత, "సరేనమ్మా, పెట్టెయ్. తలమీద నీళ్ళు పోసుకొచ్చి మళ్ళీ నేనే చేస్తాను," అంది. చావు కబురు విని తలస్నానం చేయడం అయినవాళ్ళ కోసమే. మేనమామ పోతే చేస్తాం, పెదనాన్న పోతే చేస్తాం. న్యూజిలాండ్‌లోని వైకాటోలో పాలరైతుల ఇంట పుట్టి, జీవితమంతా అమెరికన్ కవిత్వం పాఠం చెప్పిన ఒక తెల్లాయన కోసం భీమవరం ఆడమనిషి తలస్నానానికి లేచిందంటే ఎవరికైనా వింతగానే ఉంటుంది. నాకు మాత్రం వింత అనిపించలేదు. వంకాయలు నల్లబడ్డాయి, ఆ పూట చారుతో సరిపెట్టాను.

నేను ప్రొద్దుటూరు నుంచి ఎం.ఏ. చేయడానికి ఆక్లాండ్ వచ్చిన కొత్తల సంగతి ఇది. శతాబ్దం మారి అప్పటికి ఎంతో కాలం కాలేదు. తోటి తెలుగు పిల్లలంతా కంప్యూటర్లో, అకౌంట్సో చదువుతుంటే నేను అమెరికన్ కవిత్వం చదువుతానని దిగాను. "అమెరికా కవిత్వమైతే అమెరికాలో చదవాలి గానీ ఇక్కడేంటమ్మా" అని అడగని అంకుల్ లేడు. అమెరికాలో సీటు రాలేదు, ఇక్కడ వచ్చింది, అంతకు మించి అందులో మర్మమేమీ లేదు. ప్రసాద్ అంకుల్, సత్యవతి ఆంటీల ఇంట్లో వెనక గది నాకిచ్చారు. అంకుల్ మా నాన్నకు స్నేహితుడి తమ్ముడు. ఆయన ఆఫీసు ఆల్బనీలోనే, నా క్యాంపసూ ఆల్బనీలోనే. పొద్దున్నే ఆయన కొరోలా కారులో ఇద్దరం బయలుదేరేవాళ్ళం. దారి పొడుగునా ఆయన ట్రాఫిక్ గురించి తప్ప ఇంకో మాట మాట్లాడేవాడు కాదు. మాట్లాడకపోవడం ఆయనకు కోపం కాదు, అలవాటు.

పాత చెక్క ఇల్లు అది. చలికాలంలో గోడలకు చెమట పట్టేది. తడి కార్పెట్ వాసన, హీటర్ వాసన, వాటి మీద ఆంటీ వేసే ఇంగువ తిరగమోత వాసన కలిసి నా స్వెట్టర్లకు పట్టుకుని క్యాంపస్ దాకా వచ్చేవి. ఆంటీ అందరికంటే ముందు లేచేది. ముందు కిటికీ తెరుస్తుంది, ఎంత చలిగా ఉన్నా సరే. తర్వాత పాలు పొయ్యిమీద పెడుతుంది. ఒక్కో రోజు పొద్దున పాలు పెట్టే ముందు సింకు దగ్గర నిలబడి కుళాయి బాగా వదిలి, తలవంచి నీళ్ళతో ఏదో మాట్లాడేది. మొదటిసారి చూసినప్పుడు జపమనుకున్నాను. "జపం కాదే, పీడకల వచ్చింది. గంగమ్మకి చెప్పేశాను, పట్టుకుపోతుంది," అంది. చెడ్డ కల వస్తే మనుషులకు చెప్పకూడదు, పారే నీటికి చెప్పాలి. మనిషి చెవిన పడితే అది ఇంట్లోనే తిరుగుతుంది, నీటికి చెబితే నీటితోనే పోతుంది. మా వైపు కూడా ఈ మాట ఉంది. మా అవ్వ పెరటి కాలవ దగ్గర కూర్చుని చెప్పేది. ఇక్కడ ఇంటి వెనక కాలవ లేదు గనక ఆంటీ సింకుతో సర్దుకుంది. ఆ నీళ్ళు ఎటు పోతాయని నేను ఆటపట్టిస్తే, "సముద్రంలోకే పోతాయిగా. గోదారి పోయేదీ అక్కడికే," అని పాలు దించేది.

ఇక గ్రేమ్ క్లాసు. ఎత్తుగా, కొంచెం వంగి, మోచేతుల దగ్గర చిరిగిన ఉన్ని స్వెట్టర్‌తో ఉండేవాడాయన. దగ్గరికెళ్తే తడిసిన కుక్క వాసన, ఇన్‌స్టంట్ కాఫీ వాసన. చెప్పే పాఠం మాత్రం మామూలుది కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో కొందరు కవులకు యూనివర్సిటీ మర్యాద కవిత్వం మొహం మొత్తింది. మనసు అడుగున ఏముందో రాసిన యూరప్ డాక్టర్ల పుస్తకాలు చదివారు. కలలు రాసుకున్నారు. కొండలెక్కి ధ్యానం చేశారు. ఆదివాసుల మంత్రాలను ఇంగ్లీషులోకి తెచ్చుకుని, సభల్లో డప్పు కొడుతూ కవిత్వం చదివారు. కవి అంటే షామన్ అన్నారు. షామన్ అంటే పూనకం వచ్చే మన గణాచారికీ, సోది చెప్పే ఎరుకలమ్మకూ, మంత్రం వేసే తాతకూ మధ్యలో ఎక్కడో ఉండే మనిషి. తెలివి తప్పినట్టు పడిపోయి, కింది లోకానికి దిగి, అక్కడినుంచి జనానికి కావలసినదేదో పట్టుకుని పైకి వస్తాడు. "దిగడం గొప్ప కాదు, తాగినవాడు కూడా దిగుతాడు," అనేవాడు గ్రేమ్. "పైకి ఏం తెచ్చావు, ఎవరికి తెచ్చావు, అదే అడగాలి." ఆ కవుల మీద ఆయనకు ప్రేమ ఉంది గానీ భక్తి లేదు. మెరె మా అందరికంటే పెద్దది, ఈ దేశపు మూలవాసులైన మావోరీల మనిషి, పిల్లల్ని బడిలో దింపి క్లాసుకు వచ్చేది. "ఆ పాటలకు సొంతదారులున్నారు కదా, వాళ్ళనెవరైనా అడిగారా?" అని ఓసారి నిలదీసింది. గ్రేమ్ "చాలామంది అడగలేదు. అది కూడా నీ వ్యాసంలో రాయి," అన్నాడు.

నాకా పాఠాలు ఎక్కడో తెలిసినట్టే ఉండేవి, ఎక్కడో కుదిరేవి కావు. మా వీధిలో పూనకాలు చూస్తూ పెరిగినదాన్ని. జాతరలో గణాచారమ్మకు అమ్మవారు పట్టగానే పెద్దవాళ్ళు చుట్టూ చేరి, "యెవరమ్మా నువ్వు? ఏం కావల్ల నీకు?" అని అడుగుతారు. అమ్మవారు తత్త్వం చెప్పదు. నిమ్మకాయలు అడుగుతుంది, అంబలి అడుగుతుంది, పోయినేడు పెడతామని మరిచిన చీర అడుగుతుంది. ఇచ్చేస్తే చల్లబడి వెళ్ళిపోతుంది. పుస్తకాల్లో మాత్రం అన్నిటికీ లోతు ఉండేది. పాము అంటే పాము కాదు, బావి అంటే బావి కాదు, తల్లి అంటే తల్లి కాదు. ఆ వయసులో నాకా లోతులు బాగా నచ్చాయని చెప్పాలి. ప్రొద్దుటూరులో బట్టల షాపాయన కూతురిని, బావి అంటే బావి కాదని తెలిసిన మొదటి మనిషిని మా ఇంట్లో నేనే.

క్లాసు మొదట్లో ఎవరో ఒకరు తమ కల చెప్పాలని గ్రేమ్ పద్ధతి పెట్టాడు. నా వంతు వచ్చినప్పుడల్లా నేను తప్పించుకునేదాన్ని. మాలో చెప్పకూడదని వివరిస్తే ఆయన పట్టుబట్టలేదు. మెరె మాత్రం ఆశ్చర్యపోయింది. వాళ్ళింట్లో వాళ్ళ నాయనమ్మ పొద్దున్నే అందరి కలలూ అడిగి మరీ వినేదట. పెద్దవాళ్ళకు చెప్పని కల ఉప్పు చూడని కూరలాంటిదని నవ్వింది.

ఆ ఏడాది చలికాలంలో ఆంటీ కడుపుతో ఉంది. అంతకు ముందు రెండుసార్లు నిలవలేదు. ఇద్దరికీ నలభై దగ్గర పడుతుండగా, ఆశ వదిలేసుకున్నాక వచ్చిన కడుపు. అందుకని ఇంట్లో ఆ మాటే ఎత్తేవాళ్ళం కాదు. ఉయ్యాల కొనలేదు, చిన్న బట్టలు కొనలేదు. కాన్పు చూసేందుకు వారం వారం ఇంటికొచ్చే మిడ్‌వైఫ్ జూడీ ఏమడిగినా ఆంటీ "ఫైన్, ఫైన్" అని టీ పెట్టిచ్చేది. నెలలు నిండడానికి ఇంకా టైముంది. అప్పుడే మా వీధిలో గొట్టాలు బాగుచేస్తూ తవ్వకాలు మొదలుపెట్టారు. కుళాయిలో నీళ్ళు సన్నగా దారంలా వచ్చేవి. ఒకరోజు పొద్దున నేను భోజనాల బల్ల దగ్గర కాఫీ తాగుతున్నాను. ఆంటీ సింకు దగ్గర తలవంచింది. నీళ్ళకు చప్పుడు లేదు గనక నాకు ప్రతి మాటా వినబడింది. "కాలవలో పడవ కట్టేసుందమ్మా. నీళ్ళు కదలట్లేదు, పడవా కదలట్లేదు. లోపల పిల్ల పడుకునుంది. ఎంత పిలిచినా పక్కకి కూడా తిరగట్లేదు. నువ్వే పట్టుకుపో తల్లీ." తర్వాత మొహం కడుక్కుని, నా వైపు చూడకుండా పాలు పొయ్యిమీద పెట్టింది. నేనేమీ విననట్టు కప్పు కడిగేసి అంకుల్ వెంట కారెక్కాను.

ఆ రోజు క్లాసులో నీటిలోకి దిగడం గురించిన ఒక కవిత మీద నేను మాట్లాడాలి. మాట్లాడుతూ మాట్లాడుతూ, నాకు తెలిసిన ఒకావిడ కల అని పేరు చెప్పకుండా ఆ పడవ కల ఉదాహరణగా చెప్పాను. ఎందుకు చెప్పానంటే, పొద్దున్నుంచీ అది నన్ను వదల్లేదు, బరువుగా ఉంది. అర్థం కూడా చెప్పాను. నిలిచిపోయిన నీళ్ళు అంటే మనసు అడుగు పొర, కట్టేసిన పడవ అంటే ఊరు వదిలి వచ్చిన మనిషి బతుకు, నిద్రపోతున్న పిల్ల అంటే ఇంకా పుట్టని ఆమె నిజస్వరూపం. నాకే ముచ్చటేసింది. ఇద్దరు ముగ్గురు తలలూపి రాసుకున్నారు కూడా. గ్రేమ్ రాసుకోలేదు. "ఆవిడ గర్భవతా?" అని అడిగాడు.

"అవును."

"బిడ్డ కదులుతోందా?"

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. "తెలీదు," అన్నాను. ఆయన పుస్తకం మూసి లేచాడు. "నా గదిలో ఫోనుంది. రా."

ఇంటికి ఫోన్ చేశాను. బాగున్నావా అని అడిగితే ఆంటీ బాగున్నానంది, బట్టలు ఆరేస్తున్నానంది. గ్రేమ్ పక్కనే నిలబడి, "బాగుందా అని అడగొద్దు. ఎప్పుడు కదిలిందో అడుగు," అన్నాడు. అడిగాను. క్లిప్పుల బుట్ట కింద పెట్టిన చప్పుడు వినబడింది. ఆఖరికి, "నిన్న పొద్దున్న అనుకుంటా. బజ్జుంటుందిలే," అంది ఆంటీ. ఆ గొంతు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. తెలియక అన్న మాట కాదది, తెలిసి, నోటితో ఒప్పుకోలేక అన్న మాట. జూడీ నంబరు ఫ్రిజ్ మీద ఉంటే చదివి చెప్పింది. గ్రేమ్ రాసుకుని తనే ఫోన్ చేశాడు, నేను అంకుల్ ఆఫీసుకి చేశాను. అంకుల్ "ఊఁ" అని పెట్టేశాడు. ఆయన ఇల్లు చేరేలోపే జూడీ ఆంటీని తన కారులో ఎక్కించుకుంది. మధ్యాహ్నానికల్లా ఆపరేషన్ చేసి ఆడపిల్లను బయటికి తీశారు. నెలలు నిండని పిల్ల, పిడికెడంత. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు అంకుల్‌తో అన్నదట. ఆ సంగతి అంకుల్ సాయంత్రం నన్ను క్యాంపస్ నుంచి ఆస్పత్రికి తీసుకెళ్తూ కారులో చెప్పాడు. చెప్పి, రోడ్డు పక్కన ఆపి, స్టీరింగ్ మీద తలపెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. తర్వాత కళ్ళు తుడుచుకుని, వెస్టర్న్ మోటార్‌వే మీద రష్ ఎక్కువుంటుంది, వేరే దారిలో పోదామన్నాడు.

మీకెలా తట్టిందని గ్రేమ్‌ను తర్వాత అడిగాను. లోపలి చూపు అంటాడేమో, కలల శాస్త్రం అంటాడేమో అని ఆశపడ్డాను. "పాడి ఆవుల మధ్య పెరిగాను పద్మా. చూడి ఆవు తీరు మారితే మా నాన్న దానికి అర్థం వెతికేవాడు కాదు, డాక్టర్ని పిలిచేవాడు," అన్నాడు. "నువ్వు చెప్పిన అర్థం కూడా తప్పు కాదు. కానీ ముందు ఫోన్, తర్వాత అర్థం," అని తన సాండ్‌విచ్ విప్పుకున్నాడు.

ఆస్పత్రి మంచం మీద ఆంటీ నన్ను అడిగిన మొదటి మాట, "నీకెలా తెలిసింది?" ఉన్నదున్నట్టు చెప్పాను. కుళాయి దగ్గర విన్నాననీ, క్లాసులో చెప్పాననీ. ఆంటీ మొహం గోడవైపు తిప్పుకుంది. "గంగమ్మకిచ్చినదాన్ని పదిమంది తెల్లోళ్ళ ముందు పెట్టావా? నీ నోట్లో నువ్వుగింజ నానదే," అంది. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేసింది. పిల్ల ఆస్పత్రిలో అద్దాల పెట్టెలోనే ఉంది. ఒకరోజు ఊపిరి తగ్గేది, ఒకరోజు బరువు తగ్గేది. తగ్గినప్పుడల్లా, కల మనుషుల్లో పడింది గనకే పీడ ఇంకా తిరుగుతోందని ఆంటీ లెక్క. నన్ను పిల్ల దగ్గరికి రానివ్వొద్దని అంకుల్‌కి చెప్పింది. ఆయన ఆ మాట నాకు చెప్పలేక, సీట్ బెల్ట్ సరిచూసుకుంటూ చెప్పాడు. నేను చేసింది తప్పని నాకప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. ఆంటీ కోపం తప్పని కూడా అనిపించలేదు. రెండు గర్భాలు పోయిన మనిషి ఒక పద్ధతిని పట్టుకుని ఉంది, నేను దాన్ని ఆమె చేతిలోంచి లాగేశాను. కాకపోతే నాకు చాలా బాధ కలిగింది. ఒకే ఇంట్లో ఉంటూ, నా కంచంలో అన్నం పెట్టి, పేరు పెట్టి పిలవకుండా వెళ్ళిపోయేది. ఇల్లు మారిపోదామని శాండ్రింగ్‌హామ్‌లో గది కూడా చూసుకొచ్చాను.

ఆంటీ వాళ్ళు హెండర్సన్‌లోనే ఇంకో ఇంటికి మారారు, ఈ మధ్య వెళ్ళినప్పుడు పాత వీధి గుర్తుపట్టలేకపోయాను. పాత చెక్క ఇల్లు పోయి అక్కడ వరసగా టౌన్‌హౌస్‌లు లేచాయి. అప్పట్లో గోంగూర కావాలంటే శాండ్రింగ్‌హామ్ దాకా పోవాలి, ఇప్పుడు వీధి చివరే దొరుకుతుంది. గ్రేమ్ చెప్పిన కోర్సు ఎప్పుడో తీసేశారు. డప్పు కొడుతూ లోపలికి దిగే వ్యవహారం మాత్రం బాగా పెరిగింది, శని ఆదివారాలు బీచ్ దగ్గర టవళ్ళు పరిచి నేర్పుతున్నారు. కడుపుతో ఉన్న అమ్మాయిలు బిడ్డ కదిలినప్పుడల్లా ఫోన్లో నొక్కి లెక్క పెట్టుకుంటున్నారు. మంచిదే, నేను దాన్ని వెక్కిరించను. ఆంటీ దగ్గర ఆనాడు అది ఉంటే నీళ్ళతో పనిలేకపోయేది. కానీ భయాన్ని ఎవరికి చెప్పాలన్నది మాత్రం ఫోన్ ఉన్నా తేలలేదు. మా బంధువుల కోడలు రోజూ నొక్కుతుంది, రోజూ భయపడుతుంది, ఎవరికీ చెప్పదు. ఆనాటి పిల్లకు ఇప్పుడు ఇరవై దాటాయి. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో చెబుతుంది, వాళ్ళమ్మ కంటే పొడుగు. నన్ను పద్మత్తా అంటుంది. నేను గది ఖాళీ చేయకుండా ఆ ఇంట్లోనే ఎందుకు ఉండిపోయానో దానికి తెలియదు.

ఆనాడు ఆస్పత్రివాళ్ళు ఆంటీని మాత్రమే ఇంటికి పంపారు, పిల్లను పంపలేదు. పాలు మిషన్‌తో తీసి సీసాలో పట్టుకెళ్ళాలి. ఎంత తీసినా సీసా అడుగు తడిసేది కాదు. నర్సులు ఓదార్చేవాళ్ళు, జూడీ ధైర్యం చెప్పేది, ఆంటీ ఎవరికీ జవాబు చెప్పేది కాదు. ఒకరోజు పొద్దున నేను సామాను సర్దుకుంటుంటే నా గది గుమ్మంలో నిలబడింది. తల దువ్వుకోలేదు, శాలువా సగం జారిపోయింది. "కల వచ్చింది," అంది. మడతపెడుతున్న స్వెట్టర్ పక్కన పెట్టాను. లోపలికొచ్చి మంచం చివర కూర్చుంది. "నీకే చెబుతున్నాను. విను. మా అమ్మ వచ్చింది. వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చుంది. నావైపు చూడదు, ఎంత పిలిచినా పలకదు. గరిటె తిప్పుతానే ఉంది."

వాళ్ళమ్మ పోయి చాలా ఏళ్ళయింది. కలలో వచ్చే తల్లి గురించి నేను చదివిన పుస్తకాలన్నీ వరసగా గుర్తొచ్చాయి. వాటిని పక్కకి నెట్టి, "ఏం వండుతా ఉంది ఆంటీ?" అని అడిగాను.

ఆంటీ నా మొహం వైపు చూసింది. అన్నాళ్ళ తర్వాత మొదటిసారి. "సొరపుట్టు," అంది. అని, పెదవులు బిగబట్టి, బిగబట్టలేక బావురుమంది. "మావైపు బాలింతకి సొరచేప పెడతారే. పాలు పడతాయని. మా అమ్మే ఉంటే ఈపాటికి..."

నేను కోటు వేసుకుని బయటపడ్డాను. నేను రాయలసీమదాన్ని, సొరచేప మొహం ఎరగను. చేపల కొట్టాయనను షార్క్ ఉందా అని భయపడుతూ అడిగితే ఆయన నవ్వాడు. ఇక్కడ దాన్ని లెమన్ ఫిష్ అంటారట, చేపలూ చిప్స్ అమ్మే కొట్లలో వేయించి ఇచ్చేది చాలావరకు అదేనట. ఏళ్ళ తరబడి ఆంటీ శుక్రవారాలు తింటున్నది సొరచేపేనన్నమాట. ఇంటికొచ్చి చెబితే, "అంత పిండి ముద్దలో చుట్టేస్తే ఎలా తెలుస్తుందే," అంది, కళ్ళు తుడుచుకుంటూనే. తను కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను చేశాను. పసుపు వేసి ఉడికించి, తోలు తీసి, పొడిపొడిగా చిదిమి, ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, మిరియాల పొడి. గరిటె ఇంకొంచెం కిందినుంచి తిప్పమని రెండుసార్లు కసిరింది. ఆ కసురు విన్నాక నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. వేడన్నంలో కలుపుకుని, పళ్ళెం ఖాళీ చేసి, ఇంకొంచెం పెట్టించుకుంది.

పాలు చేప తిన్నందుకు పడ్డాయో, ఏడ్చినందుకు పడ్డాయో, పడే వేళకు పడ్డాయో నేను చెప్పలేను. మర్నాడు పొద్దున సీసా అడుగు కనబడకుండా పడ్డాయి. ఆంటీ దాన్ని గుడ్డలో చుట్టి, శాలువా లోపల ఒళ్ళోకి హత్తుకుని, అంకుల్ కారు తీస్తుంటే గుమ్మంలో ఆగింది. నేను ఎప్పటిలాగే నా గదివైపు వెళ్ళబోయాను.

"అటెక్కడికే పద్మా," అంది ఆంటీ. "చెప్పులేసుకో. పిల్లని చూద్దువుగాని."